అ అంటే 3077: అక్షరాన్ని నంబర్‌గా, నంబర్‌ని అక్షరంగా మార్చడం ఎలా

మీరు వాడే లాంగ్వేజ్ ఏదైనా సరే, అక్షరాన్ని నంబర్‌గా మార్చే ఫంక్షన్‌కి ముందు 'అ' ఇచ్చి చూడండి. 3077 వచ్చిందా, 224 వచ్చిందా? తర్వాత 😀 ఇవ్వండి. 128512 వచ్చిందా, 55357 వచ్చిందా, 240 వచ్చిందా? ఈ రెండు పరీక్షలకి అర నిమిషం పడుతుంది. ఈలోపే ఆ ఫంక్షన్ మీకు ఇస్తున్నది ఏమిటో తేలిపోతుంది: అక్షరానికి యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టిక) కేటాయించిన నంబరా, ఫైల్లో దాచిన బైటా, లేక కొన్ని లాంగ్వేజ్‌లు లోపల వాడుకునే పదహారు బిట్ల ముక్కా అని. ఈ పనిలో నేను చూసిన తప్పుల్లో చాలావాటికి మూలం ఒకటే, ఇంగ్లీష్ అక్షరాలతో పరీక్షించి సరిపోయిందని వదిలేయడం. ఇంగ్లీష్ అక్షరాలకి ఆ మూడూ ఒకటే నంబర్ కాబట్టి తేడా ఎన్నాళ్లయినా బయటపడదు. తెలుగు పేరో, ఎమోజీనో వచ్చిన రోజున మాత్రం స్క్రీన్ నిండా పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

ఇక్కడ ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను. ఎడిటర్‌లో మీరు ఎప్పటిలాగే ఇంగ్లీష్‌లో కొట్టండి. నంబర్లు కూడా అన్నీ మామూలు పదుల లెక్కలోనే ఇస్తున్నాను. యూనికోడ్ పట్టికల్లో పదహారుల లెక్కలో ఉంటాయి కానీ చేత్తో కూడికలు, తీసివేతలు చేసుకోవడానికి పదుల లెక్కే సుఖం.

మొదట ఇంగ్లీష్ అక్షరాలు

1963లో అమెరికాలో ఆస్కీ అనే పట్టిక వచ్చింది. 0 నుంచి 127 వరకు మొత్తం 128 నంబర్లు. మీరు బట్టీ పట్టాల్సినవి మూడే: క్యాపిటల్ ఎ 65, స్మాల్ ఎ 97, సున్నా అంకె 48. మిగతావి వీటి నుంచి లెక్క కట్టుకోవచ్చు. ఇంకో రెండు గుర్తుంటే మంచిది, ఖాళీ స్థలం 32, కొత్త లైను 10. క్యాపిటల్‌కీ స్మాల్‌కీ తేడా సరిగ్గా 32 ఉండటం అనుకోకుండా జరగలేదు, 65 అంటే 64, 1 కలిపినది, 97 అంటే 64, 32, 1 కలిపినది, అంటే రెండింటికీ మధ్య ఒక్క బిట్టే తేడా, ఆ బిట్‌ని తిప్పితే పెద్దది చిన్నదవుతుంది, చిన్నది పెద్దదవుతుంది. అందుకే 32తో ఎక్స్‌ఆర్ (ఆ ఒక్క బిట్‌ని తిప్పే ఆపరేషన్) చేసే చిట్కా పనిచేస్తుంది. కాకపోతే ముందు అది నిజంగా అక్షరమో కాదో చూసుకోవాలి. 97కీ 122కీ మధ్య ఉందో లేదో చూడకుండా అన్నింటిలోంచి 32 తీసేస్తే 5 అనే అంకె (దాని నంబర్ 53) కాస్తా 21 అయిపోతుంది, అది కంటికి కనపడని కంట్రోల్ గుర్తు.

పైథాన్‌లో అక్షరం నుంచి నంబర్‌కి ఆర్డ్, నంబర్ నుంచి అక్షరానికి సీహెచ్ఆర్. ఈ రెండు పేర్లూ పైథాన్ పుట్టించినవి కావు, 1970లో వచ్చిన పాస్కల్‌లోనే ఉన్నాయి. ఆర్డ్ అంటే ఆర్డినల్, వరుసలో ఎన్నోది అని అర్థం. రూబీలో కూడా ఇవే పేర్లు, కానీ అక్కడ నంబర్ వెనక చుక్క పెట్టి పిలవాలి, 127 దాటిన నంబర్లకి ఎన్‌కోడింగ్ (నంబర్లని బైట్లుగా రాసే పద్ధతి) పేరు కూడా చెప్పడం మంచిది, లేకపోతే 3077 ఇవ్వగానే రేంజ్ ఎర్రర్ రావచ్చు.

సీ లాంగ్వేజ్‌లో దీనికి ఫంక్షనే అక్కర్లేదు. అక్కడ చార్ అంటేనే చిన్న పూర్ణాంకం. ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ డి పెడితే నంబర్ వస్తుంది, పర్సెంట్ సి పెడితే అక్షరం వస్తుంది, విలువ మాత్రం ఒకటే. జావాలో, సీ షార్ప్‌లో ఇంట్ అని కాస్ట్ చేస్తే (అంటే రకం మార్చితే) నంబర్, చార్ అని కాస్ట్ చేస్తే అక్షరం.

ఒక లాంగ్వేజ్ నుంచి ఇంకోదానికి మారినవాళ్లు తరచుగా దెబ్బతినే చోటు ఒకటుంది. స్మాల్ ఎ కి 1 కలిపితే ఏమొస్తుంది? జావాలో 98 వస్తుంది, స్మాల్ బి కాదు, ఎందుకంటే కూడిక జరగగానే అది ఇంట్ అయిపోతుంది, మళ్లీ చార్ అని కాస్ట్ చేయాలి (వేరియబుల్‌కి రెండు ప్లస్‌లు పెట్టి పెంచితే మాత్రం ఆ కాస్ట్ అదే చేసుకుంటుంది). జావాస్క్రిప్ట్‌లో అయితే ఎ పక్కన 1 అతుక్కుని రెండక్షరాల స్ట్రింగ్ వస్తుంది. పైథాన్‌లో ఎర్రర్ వస్తుంది, నా దృష్టిలో ఈ మూడింట్లో మేలైన ప్రవర్తన అదే, తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది కాబట్టి. గో లాంగ్వేజ్‌లో ఇంకో రకం గోతి ఉంది: 65 అనే పూర్ణాంకాన్ని స్ట్రింగ్‌లోకి మార్చమంటే "65" రాదు, క్యాపిటల్ ఎ వస్తుంది. నంబర్‌ని నంబర్‌గానే టెక్స్ట్ చేయాలంటే స్ట్రకాన్వ్ ప్యాకేజీలో ఐటోఎ వాడాలి. గో వెట్ (కోడ్‌లో అనుమానించాల్సినవి చెప్పే టూల్) నడిపితే దీని గురించి హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికని వదిలేయకండి.

కోడింగ్ టెస్టుల్లో దీని అవసరం ఎక్కడ పడుతుంది

'7' అనే అక్షరం నుంచి 7 అనే విలువ కావాలి. 55 లోంచి 48 తీసేస్తే 7. కానీ కోడ్‌లో 48 అని రాయకండి, కోట్స్‌లో సున్నా పెట్టి దాన్ని తీసేయండి, రేపు చదివేవాళ్లకి అర్థమవుతుంది. 0 నుంచి 9 వరకు అంకెలు వరసగా ఉంటాయని సీ ప్రమాణమే హామీ ఇస్తుంది. అక్షరాలకి మాత్రం ఆ హామీ లేదు. ఎందుకు లేదంటే ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో వాడే ఎబ్సిడిక్ పట్టికలో క్యాపిటల్ ఎ నుంచి ఐ వరకు 193 నుంచి 201, తర్వాత జె దగ్గర గెంతి 209, ఎస్ దగ్గర మళ్లీ గెంతి 226. బ్యాంకుల మెయిన్‌ఫ్రేముల మీద పనిచేసే మనవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకి ఇది పుస్తకాల్లో మాట కాదు, రోజూ ఎదురయ్యేదే. మామూలు ల్యాప్‌టాప్ మీద మీకు ఈ బాధ లేదు.

ఒక మాటలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడానికి 26 గడుల అర్రే తీసుకుని, ప్రతి అక్షరం నంబర్‌లోంచి 97 తీసేసి ఆ గడిలో 1 కలపండి. స్పేస్, కామా, క్యాపిటల్ లాంటివి వస్తే గడి నంబర్ మైనస్‌లోకో, 25 దాటో పోతుంది. జావాలో అయితే ఎక్సెప్షన్ వస్తుంది. సీలో అయితే ఏమీ చెప్పకుండా పక్క మెమరీ పాడైపోతుంది, అది ఇంకా ప్రమాదం. పైథాన్‌లో మైనస్ ఇండెక్స్ అంటే వెనక నుంచి లెక్క కాబట్టి క్యాపిటల్స్‌లో కొన్ని వేరే అక్షరాల ఖాతాలో పడిపోతాయి. ముందు చిన్నక్షరాలుగా మార్చండి, అక్షరం కానివి వదిలేయండి, ఆ తర్వాతే తీసివేత.

ఎక్సెల్‌లో కాలమ్ పేరు నుంచి నంబర్ కనుక్కోమని కూడా తరచుగా అడుగుతారు. ప్రతి అక్షరం నంబర్‌లోంచి 64 తీసేయండి, అప్పుడు ఎ 1, బి 2 అవుతాయి. ఇప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని 26తో గుణించి దీన్ని కలపండి. ఎ, బి రెండూ పక్కపక్కన ఉన్న కాలమ్ అంటే 26, 2 కలిపి 28. ఇక్కడ 65 తీసేస్తే తప్పు, ఎందుకంటే ఈ లెక్కలో సున్నా అనే అక్షరం లేదు.

అక్షరాల్ని కొన్ని స్థానాలు జరిపే రహస్య లిపి రాయాలంటే 97 తీసేసి, జరపాల్సినంత కలిపి, 26తో భాగించి శేషం తీసుకుని, మళ్లీ 97 కలపడమే. వెనక్కి జరిపేటప్పుడు జాగ్రత్త. మైనస్ 3ని 26తో భాగిస్తే శేషం పైథాన్‌లో 23, సీలోనూ జావాలోనూ జావాస్క్రిప్ట్‌లోనూ మైనస్ 3. ఆ లాంగ్వేజ్‌లలో శేషానికి 26 కలిపి మళ్లీ ఒకసారి శేషం తీయండి.

తెలుగు దగ్గరికి వద్దాం

యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చింది, అందులోనే తెలుగు ఉంది. మనకి కేటాయించిన నంబర్లు 3072 నుంచి 3199 వరకు. అ 3077, ఆ 3078, అలా వరసగా వెళ్లి క 3093, త 3108, ప 3114, మ 3118, హ 3129. దీర్ఘం గుర్తు 3134, గుడి 3135, గుడి దీర్ఘం 3136, కొమ్ము 3137, ఎత్వం 3142, మనం పొల్లు అనే గుర్తు 3149. సున్న 3074, విసర్గ 3075. తెలుగు అంకెలు ౦ నుంచి ౯ వరకు 3174 నుంచి 3183.

ఈ వరసలో మధ్యమధ్యలో ఖాళీలు ఉన్నాయి. 3085, 3089, 3113 నంబర్లకి అక్షరం లేదు. న 3112 అయితే ప 3113 కావాలి కదా, కాదు. కారణం ఏమిటంటే ప్రధాన భారతీయ లిపుల్ని యూనికోడ్‌లోకి తెచ్చేటప్పుడు మన దేశంలో 1988లో తయారైన ఇస్కీ పట్టికని ఆధారంగా తీసుకున్నారు, అందులో ఒకే ధ్వనికి అన్ని లిపుల్లోనూ ఒకే స్థానం. ఒక లిపిలో ఉన్న అక్షరం ఇంకో లిపిలో లేకపోతే ఆ స్థానం ఖాళీగా వదిలేస్తారు. హిందీలో ఆఫీస్ అని రాసేటప్పుడు నెత్తిన చంద్రవంక పెట్టే అక్షరం ఉంటుంది చూడండి, మన 3089 ఖాళీ దానికి ఎదురుగా ఉన్నదే. కాబట్టి తెలుగులో 3077 నుంచి 3129 వరకు లూప్ వేసి అక్షరమాల ప్రింట్ చేయించాలనుకుంటే మధ్యలో డబ్బాలు కనిపిస్తాయి, అవి ఫాంట్ తప్పు కాదు. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో కేటగరీ అడిగి, కేటాయించనివి వచ్చినప్పుడు దాటేయండి.

ఈ అమరిక వల్ల మనకి ఒక మంచి సౌకర్యం దొరికింది, నాకైతే ఈ మొత్తం విషయంలో బాగా నచ్చేది ఇదే. కన్నడ అక్షరాలు 3200 నుంచి 3327 వరకు, అంటే సరిగ్గా 128 అవతల. మన క 3093, కన్నడ క 3221. కన్నడ టెక్స్ట్‌ని తెలుగు లిపిలో చదవాలంటే ప్రతి అక్షరం నంబర్ తీసుకుని, అది 3200 నుంచి 3327 మధ్యలో ఉంటే 128 తీసేసి మళ్లీ అక్షరంగా మార్చండి, లేకపోతే అలాగే వదిలేయండి. పైథాన్‌లో రెండు లైన్ల పని. బెంగళూరులో ఉంటూ కన్నడ మాట అర్థమవుతున్నా బోర్డు చదవలేని మనవాళ్లకి ఇది భలే పనికొస్తుంది, కన్నడ వార్త ఒకటి కాపీ చేసి ఇలా మార్చి చూడండి, సగానికి పైగా తెలిసిన మాటలే అనిపిస్తుంది. దేవనాగరి నుంచి అయితే 768 కలపాలి, హిందీ అ 2309, దానికి 768 కలిపితే 3077. సంస్కృత శ్లోకాలు తెలుగు లిపిలోకి తెచ్చుకోవడానికి ఇది చాలావరకు సరిపోతుంది. అక్షరాల కింద చుక్క పెట్టే హిందీ మాటలకి, చంద్రవంక అక్షరాలకి మాత్రం విడిగా నియమం రాసుకోవాలి, ఎందుకంటే 768 కలిపితే అవి పైన చెప్పిన ఖాళీల్లోనో, మన ఫాంట్లు సరిగా చూపించని చోట్లలోనో పడతాయి. హిందీ వాక్యం చివర గీత కూడా అంతే, దాని నంబర్ 2404, దానికి ఏమీ కలపకుండా అలాగే ఉంచాలి, తెలుగు సహా మన ప్రధాన లిపులు ఆ గీతని దేవనాగరి దగ్గర నుంచే పంచుకుంటాయి.

'కి' ఒక అక్షరం కాదా?

మనకి ఒకటే. యూనికోడ్‌కి రెండు: క 3093, గుడి 3135. పైథాన్‌లో ఆర్డ్‌కి 'కి' ఇస్తే ఒక అక్షరం అడిగితే రెండు ఇచ్చారని టైప్ ఎర్రర్ వస్తుంది. 'క్ష' మూడు: 3093, 3149, 3127. 'శ్రీ' నాలుగు: 3126, 3149, 3120, 3136. 'తెలుగు' అనే మాటకి మన లెక్కలో మూడక్షరాలు, పొడవు చెప్పే లెన్ అడిగితే 6, బైట్లు అడిగితే 18. ఈ మూడు జవాబులూ నిజమే, అడిగిన ప్రశ్నలు వేరు.

దీనివల్ల స్ట్రింగ్‌ని తిరగేసే పని, మొదటి పది అక్షరాలే చూపించే పని, పేరులో మొదటి అక్షరం తీసి గుండ్రటి బొమ్మలో పెట్టే పని, అన్నీ తెలుగులో చెడిపోతాయి. 'తెలుగు' అనే స్ట్రింగ్‌ని నంబర్ల ప్రకారం తిరగేస్తే మొట్టమొదట కొమ్ము వచ్చి కూర్చుంటుంది, దానికి ఆనుకోవడానికి హల్లు ఉండదు. 'శ్రీనివాస్' పేరులో మొదటి అక్షరం తీసుకుంటే 'శ' ఒక్కటే వస్తుంది.

మన లెక్కలో అక్షరాలు విడదీయడానికి నేను వాడే నియమం చెప్తాను, తెలుగుకి ఇది సరిపోతుంది, ఏ లాంగ్వేజ్‌లోనైనా పది లైన్లలో రాయొచ్చు. నంబర్లు ఒక్కొక్కటే తీసుకోండి. 3072 నుంచి 3076 మధ్యది అయినా, 3134 నుంచి 3158 మధ్యది అయినా ముందున్న ముక్కకే అతికించండి. 8204 అయినా ముందున్నదానికే అతికించండి, దాని సంగతి కింద చెప్తాను. ఇవేవీ కాకుండా 3077 నుంచి 3129 మధ్యలోని అక్షరం అయితే, దానికి సరిగ్గా ముందున్న నంబర్ 3149 అయిందా చూడండి, అయితే అది వత్తు, ముందు ముక్కకే చేరుతుంది. లేకపోతే కొత్త ముక్క మొదలుపెట్టండి. 'శ్రీనివాస్' ఇప్పుడు శ్రీ, ని, వా, స్ అని నాలుగు ముక్కలుగా వస్తుంది.

రెడీమేడ్‌గా కావాలంటే జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ డాట్ సెగ్మెంటర్ ఉంది, పైథాన్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రీజెక్స్ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ ఎక్స్ ఉంది. వాటి వెర్షన్ చూసుకోండి. పాత నియమాల ప్రకారం 'క్ష' ని 'క్' ఒక ముక్క, 'ష' ఒక ముక్క చేసేవి, 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి వత్తులు కలిసే ఉండాలని మార్చారు. మీ మెషీన్‌లో ఒక రకంగా, సర్వర్‌లో ఇంకో రకంగా విరుగుతుంటే కారణం ఇదే కావచ్చు.

224 ఎక్కడి నుంచి వచ్చింది

3077 అనే నంబర్ ఒక బైట్‌లో పట్టదు, ఒక బైట్‌లో 255 దాకానే పడుతుంది. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాన్ని మూడు బైట్లుగా రాస్తారు. చేత్తో చేసి చూడండి: 3077ని 64తో భాగిస్తే 48, శేషం 5. శేషానికి 128 కలిపితే 133, అది చివరి బైట్. 48ని మళ్లీ 64తో భాగిస్తే 0, శేషం 48, దానికి 128 కలిపితే 176, అది మధ్య బైట్. మిగిలిన 0కి 224 కలిపితే మొదటి బైట్. అంటే అ అంటే 224, 176, 133. తెలుగులో ఏ గుర్తు తీసుకున్నా మొదటి బైట్ 224 వస్తుంది, రెండోది 176 గానీ 177 గానీ అవుతుంది (3136 దగ్గర నుంచి 177). తెలుగు పేజీ చెడిపోయినప్పుడు నెత్తిన ఏటవాలు గీత ఉన్న స్మాల్ ఎ, పక్కన ° లేదా ±, మళ్లీ అదే ఎ, ఇలా కనిపిస్తుంది గుర్తుందా? పడమటి యూరప్ భాషలకి వాడిన పాత పట్టికలో (లాటిన్-1) 224 ఆ గీత ఎ, 176 డిగ్రీ గుర్తు, 177 ప్లస్ మైనస్ గుర్తు. అంటే డేటా పాడవలేదు, యూటీఎఫ్-8 బైట్లని ఎవరో ఒక్కొక్క బైటూ ఒక్కో అక్షరం అనుకుని చదివారు. చదివే ఎన్‌కోడింగ్ మార్చండి. అవి అలాగే డేటాబేస్‌లో సేవ్ అయిపోయి ఉంటే ఆ అక్షరాల్ని అదే పాత పట్టిక ప్రకారం బైట్లుగా మార్చి, ఆ బైట్లని యూటీఎఫ్-8గా చదవండి. బైట్లు ఎక్కడా పోకుండా ఉంటే తెలుగు తిరిగొస్తుంది. దాని బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం ఆ కాపీలో అక్షరాలు పోయినట్టే, అసలు ఫైల్ వెతుక్కోవాలి.

పీహెచ్‌పీలో ఆర్డ్ మొదటి బైట్ మాత్రమే ఇస్తుంది, అ ఇస్తే 224. వెనక్కి సీహెచ్ఆర్‌కి 3077 ఇస్తే 256తో భాగించిన శేషం తీసుకుని 5 నంబర్ గుర్తు ఇచ్చేస్తుంది, పాత వెర్షన్లయితే అడిగింది ఇదేనా అని కూడా అనవు. 7.2 వెర్షన్ నుంచి ఎంబీ అండర్‌స్కోర్ ఆర్డ్, ఎంబీ అండర్‌స్కోర్ సీహెచ్ఆర్ వచ్చాయి, అవే వాడండి. గోలో స్ట్రింగ్‌కి ఇండెక్స్ వేస్తే బైట్, రేంజ్ లూప్ వేస్తే రూన్, అంటే అసలు నంబర్. సీలో చాలా మెషీన్ల మీద చార్ మైనస్ నంబర్లు కూడా పట్టేది కాబట్టి 224 బదులు మైనస్ 32 కనిపిస్తుంది, అన్‌సైన్డ్ చార్‌గా కాస్ట్ చేసి చూడండి. మైఎస్‌క్యూఎల్‌లో ఆర్డ్ అనే పేరే ఉంది కానీ అది మూడు బైట్లనీ కలిపి ఒకే పెద్ద సంఖ్య చేస్తుంది, యూటీఎఫ్-8లో ఉన్న అ కి 14725253 అని వస్తుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు, అది 224, 176, 133ల కలయికే. మైఎస్‌క్యూఎల్ గురించే ఇంకో మాట: అందులో యూటీఎఫ్8 అని పిలిచేది ఎన్నో ఏళ్లుగా మూడు బైట్ల దాకానే, మన తెలుగు అందులో పడుతుంది, 😀 పట్టదు, దానికి నాలుగు బైట్లు కావాలి. టేబుల్‌ని యూటీఎఫ్8ఎంబీ4 చేసుకోండి.

55357 సంగతి

జావా, జావాస్క్రిప్ట్, సీ షార్ప్ ఈ మూడూ స్ట్రింగ్‌ని పదహారు బిట్ల ముక్కలుగా చూస్తాయి. 65535 దాటిన అక్షరానికి రెండు ముక్కలు పడతాయి. 😀 నంబర్ 128512. అందులోంచి 65536 తీసేస్తే 62976. దాన్ని 1024తో భాగిస్తే 61, శేషం 512. 61కి 55296 కలిపితే 55357, 512కి 56320 కలిపితే 56832. ఆ రెండే మీకు కనపడేవి. జావాస్క్రిప్ట్‌లో చార్‌కోడ్‌ఎట్ ముక్క నంబర్ ఇస్తుంది, 2015లో వచ్చిన కోడ్‌పాయింట్‌ఎట్ అసలు నంబర్ ఇస్తుంది. వెనక్కి రావడానికి ఫ్రమ్‌చార్‌కోడ్ వద్దు, ఫ్రమ్‌కోడ్‌పాయింట్ వాడండి. లూప్ వేసేటప్పుడు ఫర్ ఆఫ్ వాడితే రెండు ముక్కల్నీ కలిపే ఇస్తుంది. జావాలో కూడా స్ట్రింగ్ మీద కోడ్‌పాయింట్స్ అనే మెథడ్ ఉంది. తెలుగు అంతా 65535 లోపే కాబట్టి తెలుగుతో మాత్రమే పరీక్షిస్తే ఈ తేడా తెలియదు, అందుకే మొదట్లో 😀 కూడా ఇచ్చి చూడమన్నాను.

55296 నుంచి 57343 వరకు ఉన్న నంబర్లు ఈ ముక్కల కోసమే కేటాయించినవి, వాటికి సొంతంగా అక్షరం లేదు. మొత్తం మీద గరిష్ఠ నంబర్ 1114111, అది దాటితే పైథాన్ వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. రస్ట్‌లో నంబర్ నుంచి చార్‌కి మార్చే ఫ్రమ్ యూ32 ఈ రెండు సందర్భాల్లోనూ నన్ (ఏమీ లేదు అనే విలువ) ఇస్తుంది, ఆ సంగతి చూసుకోకుండా ముందుకెళ్లనివ్వదు.

తెలుగు అంకెల దగ్గర చిన్న హెచ్చరిక. పైథాన్‌లో ఇంట్‌కి '౧౨' ఇస్తే 12 వస్తుంది, జావాలో పార్స్‌ఇంట్ కూడా ఒప్పుకుంటుంది, జావాస్క్రిప్ట్‌లో నంబర్ అనే ఫంక్షన్ నాన్ (నంబర్ కాదు) అంటుంది. ఫోన్ నంబర్ సరిచూడటానికి పైథాన్ ఈజ్‌డిజిట్ మాత్రమే నమ్ముకుంటే ౯తో మొదలయ్యే నంబర్ కూడా పాసైపోయి డేటాబేస్‌లోకి వెళ్తుంది, ఎస్ఎంఎస్ పంపే చోట ఆగిపోతుంది. ప్రతి తెలుగు అంకె నంబర్‌లోంచి 3126 తీసేస్తే మామూలు అంకె నంబర్ వస్తుంది, ముందు అలా మార్చి తర్వాత సరిచూడండి.

ఎక్సెల్, కనపడని అక్షరాలు

ఎక్సెల్‌లో కోడ్, చార్ అనే పాత ఫంక్షన్లు తెలుగుకి పనికిరావు, అ ఇస్తే 63 వస్తుంది, అది ప్రశ్నార్థకం నంబర్. 2013 వెర్షన్ నుంచి యూనికోడ్, యూనిచార్ ఉన్నాయి. అ ఇస్తే 3077, 3077 ఇస్తే అ.

ఒకసారి రెండు ఎక్సెల్ షీట్లలో ఉన్న తెలుగు పేర్లు కలిపి చూడాల్సిన పని పడింది నాకు. 'రవికుమార్' రెండింట్లోనూ ఉంది, కంటికి ఒక్క గీత కూడా తేడా లేదు, ఒక షీట్‌లోది ఇంకోదాంట్లో వెతికే వీలుకప్ మాత్రం దొరకలేదంటోంది. ముందూ వెనకా ఖాళీలు తీసేశాను, మార్పు లేదు. గంటకి పైగా టెన్షన్ పడ్డాక లెన్ పెట్టి చూస్తే ఒకదానికి 9, ఇంకోదానికి 10. మిడ్‌తో ఒక్కో అక్షరం తీసి యూనికోడ్ ఫంక్షన్‌కి ఇచ్చుకుంటూ వెళ్తే చివరి పొల్లు 3149 తర్వాత 8204 అని వచ్చింది.

8204 అంటే వెడల్పు లేని ఒక గుర్తు, పొల్లు తర్వాత వచ్చే హల్లుని వత్తుగా మార్చకుండా ఆపడానికి పెడతారు. 'రాజ్‌కుమార్' లో జ్ పక్కన అది లేకపోతే 'రాజ్కుమార్' అయిపోతుంది. అంటే మధ్యలో దాని పని దానికుంది. కొన్ని టైపింగ్ టూల్స్ మాట చివర కూడా దాన్ని వదిలేస్తాయి, అక్కడ దానికి పనీ లేదు, ఆనవాలూ లేదు. ఇలాంటిదే 160 నంబర్ ఖాళీ, వెబ్‌పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వస్తుంది, ఎక్సెల్ ట్రిమ్ దాన్ని ముట్టుకోదు. ఇంకోటి 65279, కొన్ని ఫైళ్ల మొదట్లో కనపడకుండా కూర్చుని మొదటి కాలమ్ పేరు దొరకకుండా చేస్తుంది.

నంబర్లు తీసి చూసినప్పుడు తెలుగులా కనిపించే టెక్స్ట్‌కి అన్నీ 256 లోపు నంబర్లే వస్తే అది యూనికోడ్ తెలుగు కాదు, డీటీపీ సెంటర్లలో వాడే అను లాంటి పాత ఫాంట్లతో కొట్టినది. ఇంగ్లీష్ నంబర్ల మీద తెలుగు ఆకారాలు తొడిగిన పద్ధతి అది, అందుకే ఫాంట్ మార్చగానే పిచ్చి గుర్తులవుతుంది. దానికి ఇక్కడ చెప్పిన కూడికలు, తీసివేతలు పనిచేయవు, ఆ ఫాంట్ పేరు తెలుసుకుని దానికి తగిన కన్వర్టర్‌తో ముందు యూనికోడ్‌లోకి తెచ్చుకోవాలి.

ఆ పేర్ల షీట్ల పనికి చివరికి చేసింది ఇదీ: అసలు కాలమ్ జోలికి పోకుండా పక్కన ఇంకో కాలమ్ పెట్టి, సబ్‌స్టిట్యూట్‌లో యూనిచార్ 8204 ఇచ్చి దాని బదులు ఏమీ లేకుండా చేశాను. యూనిచార్ 160 బదులు మామూలు ఖాళీ పెట్టి, పైన ట్రిమ్ వేశాను. రెండో షీట్‌లో కూడా అదే చేసి, ఈ కొత్త కాలమ్‌ల మీద వీలుకప్ వేశాను. ప్రింట్‌కి మాత్రం పాత కాలమ్‌నే పంపాను, రాజ్‌కుమార్‌లకి క వత్తు పడకుండా.